తెలుగు పేజీ తయారు కానప్పుడు ఏం చేయాలి?

మన పాఠశాల పత్రికలో ఇంగ్లిష్, హిందీ విభాగాలకు ఎక్కువ పేజీలు ఉంటాయి. ప్రాంతీయ భాషల విభాగంలో తెలుగుకు వచ్చేవి రెండో మూడో పేజీలు. ఆ కాసిని పేజీల కోసమే కొందరు పిల్లలు ఏడాది పొడవునా ఎదురుచూస్తారు. అమ్మ ఉద్యోగం వల్లో నాన్న ఉద్యోగం వల్లో మూడేళ్లకో ఊరు మారే పిల్లలు వీళ్లు. ఇంటి గడప దాటితే వీళ్లకు తెలుగు వినిపించదు, దుకాణాల బోర్డుల మీద కనిపించదు. తమ పేరు తెలుగు అక్షరాల్లో అచ్చయి కనిపించేది ఈ పత్రికలోనే. వేసవి సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ పత్రిక అమ్మమ్మ చేతికీ తాతయ్య చేతికీ చేరుతుంది.

అలాంటి పేజీలో "కృష్ణ" అనే పేరు ఉండాల్సిన చోట ఖాళీ గళ్లు పడితే అది చిన్న విషయం కాదు. పత్రిక అచ్చువేసే ఊళ్లో తెలుగు చదవగలిగినవారు ఉండకపోవచ్చు. తప్పు పడినా అక్కడ ఎవరూ గుర్తించలేరు. మనం పంపిన ఫైలే ఆఖరి ప్రూఫు.

ఆ ఫైలును తయారుచేసే ఒక సాఫ్ట్‌వేర్ గురించి, అది మొరాయించినప్పుడు బాగుచేసుకునే పద్ధతి గురించి ఈ వ్యాసంలో చెప్పుకుందాం. ల్యాబ్‌లో లినక్స్ కంప్యూటర్లు ఉన్న బడుల్లో మేము పిల్లలతో కలిసి తెలుగు పేజీలను ఈ సాఫ్ట్‌వేర్‌తోనే కూరుస్తూ వచ్చాం. బదిలీ అయినప్పుడల్లా కొత్త కంప్యూటరు, కొత్త చిక్కు. చిక్కు ఏదైనా దాన్ని విప్పే వరస మాత్రం ఒకటే.

ఒక మాట ముందే చెప్పాలి. కమాండ్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలి. ఇది తెలుగు పేజీ కనుక వాటి పేర్లను తెలుగులో రాస్తున్నాం. స్పెల్లింగు తెలియకపోతే మీ కంప్యూటర్ టీచరును అడగండి.

టెక్ కథ

డొనాల్డ్ క్నూత్ గారు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విశ్రాంత ఆచార్యులు. ఆయన రాసిన "ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్" రెండో సంపుటికి కొత్త ముద్రణ ప్రూఫులు 1977లో వచ్చాయి. మొదటి ముద్రణ సీసం అక్షరాలతో చక్కగా ఉండేది. కొత్త పద్ధతిలో కూర్చిన అక్షరాలు, గణిత సూత్రాలు ఆయన కంటికి ఆనలేదు. సరే, పేజీని అందంగా కూర్చే ప్రోగ్రామును తానే రాస్తానని కూర్చున్నారు. 1978లో దాని మొదటి రూపం సిద్ధమైంది. అదే టెక్. ఆ పేరులో చివర కనిపించేది ఇంగ్లిష్ "ఎక్స్" కాదు, గ్రీకు అక్షరం. అందుకే దాన్ని "టెక్స్" అనకుండా "టెక్" అని పలుకుతారు. కళ, నైపుణ్యం అనే అర్థాలున్న గ్రీకు మాట దానికి మూలం.

క్నూత్ గారికి ఒక అలవాటు ఉంది. టెక్‌లో తప్పు దిద్దిన ప్రతిసారీ దాని వెర్షన్ సంఖ్యకు "పై" విలువలోని ఇంకో అంకె చేరుతుంది. 2021లో అది 3.141592653కి చేరింది. ఆయన పుస్తకంలో తప్పు పట్టుకున్నవారికి 2.56 డాలర్ల బహుమతి చెక్కు పంపేవారు. అంత పెద్ద ప్రోగ్రామరే తన పనిలో తప్పులు ఉంటాయని ముందుగా అనుకుని, వెతికేవారిని మెచ్చుకున్నారు. మన కంప్యూటరు తెర మీద ఒక ఎర్రర్ కనిపించగానే కంగారు పడాల్సిన పని లేదు.

టెక్ మీద లెస్లీ లాంపోర్ట్ గారు 1980లలో లేటెక్ అనే సులువైన రూపాన్ని కట్టారు. శీర్షిక ఏది, పేరా ఏది, పట్టిక ఏది అని మనం చెబితే చాలు, అమరిక అది చూసుకుంటుంది. ఇవీ, వీటికి కావలసిన వేలాది చిన్న ఫైళ్లూ కలిపిన పెద్ద మూట పేరు టెక్ లైవ్. 1996 నుంచి వస్తోంది, ఉచితం. లినక్స్‌లో మనం ఇన్‌స్టాల్ చేసేది దీన్నే.

తెలుగుకు అదనంగా ఏం కావాలి?

ఇంగ్లిష్‌లో ఒక అక్షరం పక్కన ఇంకో అక్షరం పెట్టుకుంటూ పోతే మాట అవుతుంది. తెలుగు అలా కాదు. "స్త్రీ" అనే ఒక్క అక్షరాన్ని చూడండి. కంప్యూటరు లోపల అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. ఈ ఆరింటినీ కలిపి, ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో, గుడిదీర్ఘం ఎక్కడ పడాలో తేల్చి ఒక బొమ్మగా గీయాలి. ఆ పనికి రెండు కావాలి: ఆ నియమాలు తెలిసిన ఫాంటు, ఆ నియమాలను అడిగి అమలు చేసే ప్రోగ్రాము.

1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ల చోటు దొరికింది. కానీ పాత టెక్‌కు యూనికోడ్ తెలియదు. దాని ఫాంటులో 256 గళ్లకు మించి పట్టవు. అయినా తెలుగువాళ్లు ఊరుకోలేదు. 1990లలో విదేశాల్లో ఉన్న కొందరు తెలుగు మాటలను రోమన్ అక్షరాల్లో టైపు చేసి, మధ్యలో ఇంకో ప్రోగ్రాముతో మార్పించి, టెక్ చేత తెలుగు పేజీలు కూర్పించారు. ఇంటికి దూరంగా ఉంటూ తెలుగును అచ్చులో చూసుకోవాలన్న కోరిక మీ ఒక్కరిదే కాదు!

ఆ తర్వాత జొనాథన్ క్యూ గారు జీటెక్ తయారుచేశారు. అది 2004లో మ్యాక్ కంప్యూటర్ల మీద మొదలై, 2006 నాటికి లినక్స్‌కు వచ్చింది. యూనికోడ్ తెలుగును నేరుగా చదువుతుంది, కంప్యూటరులో ఉన్న మామూలు ఫాంట్లను వాడుకుంటుంది. లేటెక్‌తో కలిపి వాడేటప్పుడు దీన్ని జీలేటెక్ అంటారు. ఫాంటును పిలవడానికి "ఫాంట్‌స్పెక్", భాషల ఏర్పాట్లకు "పాలీగ్లాసియా" అనే ప్యాకేజీలు తోడుగా ఉంటాయి.

అంటే మన తెలుగు పేజీ వెనక నాలుగు మెట్లు ఉన్నాయి: జీలేటెక్ ప్రోగ్రాము, దాని తోడు ప్యాకేజీలు, తెలుగు ఫాంటు, మనం రాసిన ఫైలు. పేజీ రాలేదంటే ఈ నాలుగింటిలో ఏదో ఒక మెట్టు కదిలిందన్నమాట. ఏ మెట్టో తెలుసుకోవడమే సగం వైద్యం.

మొదటి నియమం: మొదటి తప్పునే చదవాలి

జీలేటెక్ ఆగిపోయినప్పుడు తెర నిండా ఇంగ్లిష్ వాక్యాలు పరుగెడతాయి. చాలామంది చివరి వరుస చూసి, ఏమీ అర్థం కాక, మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెడతారు. టెక్ లైవ్ పూర్తిగా దించాలంటే కొన్ని జిబిలు కావాలి. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉండే ఊళ్లో ఒక రోజు గడిచిపోతుంది. అసలు కారణం వేరే చోట ఉంటే అదే తప్పు మళ్లీ ఎదురవుతుంది.

పేజీ కూర్చిన ప్రతిసారీ మన ఫైలు పేరుతోనే "లాగ్" అనే ఇంకో ఫైలు తయారవుతుంది. అందులో పైనుంచి కిందికి చూస్తూ, ఆశ్చర్యార్థక గుర్తుతో మొదలయ్యే మొదటి వరుస దగ్గర ఆగండి. దాని కింద వరుస సంఖ్య కూడా ఉంటుంది. తర్వాత వచ్చే ఎర్రర్లలో చాలావరకు ఆ మొదటి దాని పిల్లలే. బస్సు మొదటి స్టాపులో ఆలస్యమైతే ప్రతి స్టాపులోనూ ఆలస్యమే కదా!

ఆ మొదటి వరుసను నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. తర్వాత కింది ప్రశ్నలు వరసగా వేసుకోండి.

ఒకటో ప్రశ్న: ఇన్‌స్టాల్ పని పూర్తయిందా?

ఉబుంటు, డెబియన్, మన దేశంలో సీడ్యాక్ సంస్థ డెబియన్ ఆధారంగా తయారుచేసిన బాస్ లినక్స్, వీటన్నిటిలో ప్యాకేజీలు పెట్టే పద్ధతి ఒకటే. ముందు ఫైళ్లు దిగుతాయి, తర్వాత విప్పుకుంటాయి, చివరగా ఒక్కొక్కటి సర్దుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే ఫైళ్లు ఉంటాయి కానీ సర్దుబాటు ఆగిపోతుంది.

మేము పనిచేసిన ఒక చిన్న ఊరిలో సరిగ్గా ఇదే జరిగింది. టెక్ లైవ్ ఎక్కుతుండగా కరెంటు పోయింది. మర్నాడు జీలేటెక్ నడిపితే, "జీలేటెక్ ఫార్మాట్ ఫైలు దొరకలేదు" అన్న అర్థం వచ్చే ఎర్రరు. పేజీలు పంపాల్సిన గడువు రెండు రోజులే ఉంది. మొత్తం మళ్లీ దించుదామని కొందరు అన్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లాగ్ కాకుండా ఇన్‌స్టాల్ చేసే కమాండే మళ్లీ కొట్టి, వచ్చిన మొదటి వాక్యాన్ని పైకి చదివింది. డిపికెజి పని మధ్యలో ఆగిందని, దాన్ని "కాన్ఫిగర్" చేయమని, కొట్టాల్సిన కమాండును కూడా కంప్యూటరే చెబుతోంది. "డిపికెజి" తర్వాత "కాన్ఫిగర్" ఎంపికతో ఆ కమాండు నడిపించగానే ఆగిన సర్దుబాటు పూర్తయింది. తోడు ప్యాకేజీలు ఇంకా తగ్గితే "ఆప్ట్" కమాండుకు "ఫిక్స్ బ్రోకెన్" అనే ఎంపిక ఇచ్చి తెప్పించుకోవచ్చు.

దీంతోపాటు డిస్కులో చోటు ఉందో లేదో "డిఎఫ్" కమాండుతో చూడండి. చోటు చాలకపోయినా ఇన్‌స్టాల్ ఇలాగే సగంలో ఆగుతుంది.

అన్నీ సర్దుకున్నా ఫార్మాట్ ఫైలు లేదనే అంటుంటే, "ఎఫ్ఎంటి-యుటిల్-సిస్" కమాండు దాన్ని మళ్లీ తయారుచేస్తుంది. ఇలాంటిదే చివర "యూజర్" అని ఉండే కమాండు ఇంకొకటి ఉంది. దాని జోలికి వెళ్లకండి. అది మీ సొంత ఫోల్డరులో వేరే ప్రతి తయారుచేస్తుంది. తర్వాత సాఫ్ట్‌వేర్ కొత్తదైనా, మీకు మాత్రం ఆ పాత ప్రతే అడ్డం వస్తుంది. ఒకే కంప్యూటరులో మీ స్నేహితుడి లాగిన్‌లో పేజీ వచ్చి, మీ లాగిన్‌లో రాకపోతే మొదట అనుమానించాల్సింది మీ ఫోల్డరులో దాగిన పాత ప్రతినే.

రెండో ప్రశ్న: నడుస్తున్నది ఏ జీలేటెక్?

"కమాండు దొరకలేదు" అని వస్తే రెండు కారణాలు ఉండొచ్చు: ప్రోగ్రాము అసలు లేదు, లేదా ఉన్నా కంప్యూటరు వెతికే దారిలో లేదు. "విచ్ జీలేటెక్" అని అడిగితే అది ఏ ఫోల్డరులో ఉందో చెబుతుంది. జవాబు రాకపోతే దారిలో లేదని అర్థం.

కొన్ని కంప్యూటర్లలో రెండు టెక్ లైవ్‌లు ఉంటాయి. ఒకటి లినక్స్‌తో వచ్చింది, రెండోది ఎవరో వెబ్‌సైటు నుంచి విడిగా దించి పెట్టింది. ఒకదానిలో పాత ప్యాకేజీలు, ఇంకొకదానిలో కొత్తవి. మనం ఒకదాన్ని బాగుచేస్తూ ఉంటే నడిచేది రెండోది కావచ్చు. రెండింటిలో ఏది ఉంచాలో కంప్యూటర్ టీచరుతో కలిసి నిర్ణయించుకుని, దాన్నే దారిలో ముందు పెట్టాలి.

మూడో ప్రశ్న: తోడు ఫైళ్లు దొరుకుతున్నాయా?

"పాలీగ్లాసియా ఫైలు దొరకలేదు" వంటి ఎర్రరు వస్తే, "కెపిఎస్ఇ-విచ్" కమాండుకు ఆ ఫైలు పేరు ఇవ్వండి. ఫైలు ఉంటే చిరునామా చెబుతుంది, లేకపోతే మౌనంగా ఉంటుంది. మౌనమే జవాబైతే ఆ ఫైలు ఏ ప్యాకేజీలో వస్తుందో "ఆప్ట్-ఫైల్" అనే ఉపకరణం చెబుతుంది. దాన్ని ముందుగా ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి అప్‌డేట్ చేయాలి. అప్పుడు జిబిల కొద్దీ మూట దించకుండా కావలసిన ఒక్క ప్యాకేజీనే తెచ్చుకోవచ్చు.

ఒక్కోసారి ఫైలు కళ్లెదుట ఉన్నా టెక్ లేదంటుంది. ఎందుకు? టెక్ లైవ్ ప్రతిసారీ వేలాది ఫోల్డర్లు తిరగదు. ఫైళ్ల చిరునామాలన్నీ ఒక జాబితాలో రాసిపెట్టుకుని, ఆ జాబితాలోనే చూస్తుంది. మన కుటుంబం కొత్త క్వార్టర్సుకు మారినా పోస్టాఫీసులో చిరునామా మార్పించకపోతే ఉత్తరాలు పాత ఇంటికే పోతాయి కదా, ఇదీ అంతే. సిస్టం ఫోల్డరులో కొత్త ఫైలు పెట్టాక "టెక్‌హ్యాష్" కమాండు నడిపితే జాబితా కొత్తదవుతుంది. మీ సొంత హోం ఫోల్డరులోని "టెక్స్‌ఎంఎఫ్" ఫోల్డరులో పెట్టిన ఫైళ్లకు ఈ పని అక్కర్లేదు. దాన్ని టెక్ నేరుగా వెతుకుతుంది.

నాలుగో ప్రశ్న: తెలుగు ఫాంటు ఉందా?

"ఈ ఫాంటు దొరకలేదు" అన్న ఎర్రరు ఊరు మారినప్పుడు తప్పకుండా ఎదురవుతుంది. పాత బడి కంప్యూటరులో ఉన్న ఫాంటు కొత్త బడిలో ఉండకపోవచ్చు. "ఎఫ్‌సి-లిస్ట్" కమాండుకు భాష తెలుగు అని చెబితే, తెలుగు అక్షరాలున్న ఫాంట్ల పేర్లన్నీ చూపిస్తుంది. మన ఫైలులో రాసిన పేరు ఆ జాబితాలో ఉన్న పేరుతో అచ్చంగా కలవాలి. ఒక ఖాళీ తేడా ఉన్నా దొరకదు.

జాబితా ఖాళీగా ఉంటే దిగులు వద్దు. ఉచితంగా వాడుకోదగ్గ తెలుగు ఫాంట్లు మనకు చాలా ఉన్నాయి. పోతన, వేమన ఉన్నాయి. లోహిత్ తెలుగు, నోటో తెలుగు ఉన్నాయి. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన మండలి, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ వంటివి ఉన్నాయి. వీటిలో పేర్లు చూస్తేనే సగం తెలుగు సాహిత్య చరిత్ర! ఫాంటు ఫైలును తెచ్చి హోం ఫోల్డరులోని ఫాంట్ల ఫోల్డరులో పెట్టి, "ఎఫ్‌సి-క్యాష్" నడిపితే కంప్యూటరు దాన్ని గుర్తుపడుతుంది. ఒక ఫాంటును పెన్‌డ్రైవులో వెంట ఉంచుకోండి. బదిలీ సామానులో అది బరువేమీ కాదు.

ఐదో ప్రశ్న: ఎర్రరు లేకపోయినా అక్షరాలు విరిగాయా?

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. పేజీ తయారవుతుంది, ఎర్రరు రాదు, కానీ తెలుగు పాడై ఉంటుంది. మూడు రకాలుగా పాడవుతుంది.

అక్షరాల చోట ఖాళీ గళ్లు, లేదా ఏమీ లేకుండా తెల్లగా ఉంటే, ఎంచుకున్న ఫాంటులో తెలుగు లేదని అర్థం. లాగ్ ఫైలులో "మిస్సింగ్ క్యారెక్టర్" అనే మాట కోసం వెతికితే ఏ అక్షరాలు పోయాయో తెలుస్తుంది.

అక్షరాలు ఉన్నా వత్తులు కిందికి చేరకుండా, పొల్లులు విడివిడిగా పడితే, ఫాంట్‌స్పెక్‌కు ఫాంటు పేరు చెప్పాం కానీ లిపి చెప్పలేదని అర్థం. ఫాంటు పేరు పక్కన "స్క్రిప్ట్" అంటే "తెలుగు" అని రాస్తే వత్తులు తమ చోటికి వస్తాయి.

తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు వస్తే, ఆ వ్యాసం యూనికోడ్‌లో టైపు చేసింది కాదు. డిటిపి సెంటర్లలో వాడే పాత తరహా ఫాంట్లతో కొట్టిన ఫైలు ఇలా కనిపిస్తుంది. దాన్ని కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక మాట మాటా సరిచూడాలి.

నాలుగు వరుసల పరీక్ష

ఇరవై పేజీల ఫైలుతో తప్పు వెతకడం కష్టం. అందుకే ఒక చిన్న పరీక్ష ఫైలు సిద్ధంగా పెట్టుకోండి. పత్రం ఏ రకమో చెప్పే ఆజ్ఞ, ఫాంట్‌స్పెక్‌ను పిలిచే ఆజ్ఞ, ఫాంటు పేరూ లిపీ చెప్పే ఆజ్ఞ, ఆ తర్వాత మొదలుకూ ముగింపుకూ మధ్య ఒకే వరుస: "స్త్రీ, కృష్ణ, జ్ఞానం, క్షేత్రం, అర్థం, సాఫ్ట్‌వేర్." గుణింతాలు, వత్తులు, మధ్యలో విడిపోవాల్సిన పొల్లు అన్నీ ఈ ఆరు మాటల్లో ఉన్నాయి. ఇవి సరిగా వస్తే ఇన్‌స్టాలేషన్ బాగుంది, తప్పు మన పెద్ద ఫైలులోనే ఉందని తేలిపోతుంది. ఇవీ రాకపోతే ఒకటో ప్రశ్న నుంచి మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్లీ పరీక్షించండి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పేజీ పూర్తయ్యాక "పిడిఎఫ్‌ఫాంట్స్" కమాండుతో ఫాంట్లు పిడిఎఫ్ లోపలే ఉన్నాయో లేదో చూడండి. లోపల ఉంటే తెలుగు ఫాంటు లేని ప్రెస్సులో కూడా మన అక్షరాలు చెదరవు. పత్రికకు పిడిఎఫ్‌నే పంపమని మేము చెప్పేది అందుకే. చివరిగా ఒక కాగితం మీద ప్రింటు తీసి, ఇద్దరు కూర్చుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూడాలి. ఈ పనికి మాత్రం ఏ కమాండూ లేదు.

పిల్లలూ, ల్యాబ్ కంప్యూటరులో సిస్టం మార్పులు చేసేముందు టీచరు అనుమతి తప్పక తీసుకోండి. బాగుచేశాక తేదీ, వచ్చిన ఎర్రరు, కొట్టిన కమాండు, ఫలితం, ఈ నాలుగూ ల్యాబ్ నోటుబుక్కులో రాయండి. మనలో ఎవరికి ఎప్పుడు బదిలీ వస్తుందో తెలియదు. కంప్యూటరు అక్కడే ఉంటుంది, తెలిసినవాళ్లు వెళ్లిపోతారు. వచ్చే ఏడాది ఆ బడిలో చేరే తెలుగు పిల్లలకు మీరెవరో తెలియకపోయినా, మీరు రాసిన ఆ పేజీ ఉంటే వాళ్ల తెలుగు పేజీ ఆగదు.